ఒక్క నగిషీ లేని వెండి కడియం: రేకు నుంచి మణికట్టు దాకా చేత్తో చేసుకునే పద్ధతి

నగిషీ లేని నగ చేయడం సులువని చాలామంది అనుకుంటారు. లతలు, చిలకలు, పూసలు, రాళ్లు ఉన్న నగలో ఎక్కడైనా చిన్న తేడా వస్తే చుట్టూ ఉన్న పనితనం దాన్ని కప్పేస్తుంది. ఏమీ లేని వెడల్పాటి వెండి కడియంలో మాత్రం అంచు వెంట్రుకవాసి వంకరపోయినా, పైన ఒక్క ఆకురాయి గీత మిగిలినా చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే వెళ్తుంది. ఇలాంటి కడియంలో వంచడం చిన్న పని. కొలత, అంచు, మెరుగు అనే మూడింటి మీదే మీ సమయమంతా ఖర్చవుతుంది, అలా ఖర్చవడమే సరైనది. ఈ వ్యాసంలో టాకా, అంటే ముక్కలను అతికే లోహం, అక్కరలేని, రాయి పొదగని, ఒకే ముక్క రేకుతో తయారయ్యే కడియాన్ని తీసుకుని మొదటి గీత గీయడం నుంచి చేతికి తొడుక్కోవడం వరకు వరుసగా వివరిస్తాను.

ఈ రూపం మనకు కొత్తది కాదు. దండకడియం, మురుగు, మెడకు కంటె వంటివి లోహపు బరువుతోనూ ఒంపుతోనూ నిండుగా కనిపించే నగలే. కరీంనగర్ ఫిలిగ్రీ పనివారు సన్నని వెండి తీగను మెలివేసి అల్లి సాధించే అందానికి ఇది పూర్తిగా ఎదురు దారి. ఇరవయ్యో శతాబ్దంలో స్వీడన్‌కు చెందిన వివియానా టోరున్ బ్యూలో-హ్యూబె, ఇటలీలో పుట్టిన ఎల్సా పెరెట్టి వంటి నగల రూపశిల్పులు ఇలాంటి నిరాడంబరమైన వెండి రూపాలకే పేరు పొందారు. పెరెట్టి 1970లో రూపొందించిన ఎముక ఆకారపు కడియం మణికట్టు ఎముక ఉబ్బుకు అనుగుణంగా ఒదుగుతుంది కాబట్టి కుడిచేతికి వేరుగా, ఎడమచేతికి వేరుగా చేస్తారు. అలంకారమంతా తీసేసిన తరువాత మిగిలేది శరీరంతో సంబంధమేనని ఆ ఒక్క ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. మీ పని కూడా అక్కడి నుంచే మొదలు పెట్టండి.

కొలత, కాగితం నమూనా

మెత్తని కొలత టేపును మణికట్టు ఎముకకు కొంచెం పైన, అంటే మోచేతి వైపు, బిగించకుండా చుట్టి చుట్టుకొలత తీసుకోండి. ఉదాహరణకు అది 160 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. వెడల్పు కడియానికి కాస్త వదులు కావాలి కాబట్టి 10 మిల్లీమీటర్లు కలిపితే 170 అవుతుంది. చేయి దూర్చుకునే ఖాళీకి 27 మిల్లీమీటర్లు తీసేస్తే 143 మిగులుతుంది. రేకును వంచినప్పుడు లోపలి వైపు కుదించుకుపోయి బయటి వైపు సాగుతుంది గనుక, రేకు మందాన్ని 3.14తో గుణించి కలపాలి, 1.3 మిల్లీమీటర్ల రేకుకు అది దాదాపు 4 వస్తుంది. అంటే మీరు కోయవలసిన పొడవు 147 మిల్లీమీటర్లు. మీ మణికట్టు కొలత వేరైతే ఇదే లెక్క వేసుకోండి, నా అంకెలను అలాగే వాడవద్దు.

వెడల్పు విషయంలో ధైర్యం కావాలి. 15 మిల్లీమీటర్ల సాదా పట్టీ చేతికి పెట్టుకుంటే మామూలు గాజులాగే కనబడుతుంది. 30 దాటిన తరువాతే అది దూరం నుంచి కూడా తెలిసే నగ అవుతుంది. నేను మధ్యలో 34, కొసల దగ్గర 22 మిల్లీమీటర్లు సూచిస్తాను. అయితే నడిమధ్య నుంచే సన్నబడటం మొదలైతే, చేతికి తొడిగాక పైనుంచి చూసినప్పుడు కడియం నీరసంగా కనిపిస్తుంది. మణికట్టు పైభాగాన కనిపించేది సుమారు 50 మిల్లీమీటర్ల భాగమే కాబట్టి, ఆ మేరకు 34 వెడల్పును మార్చకుండా ఉంచి, అక్కడి నుంచి రెండు కొసలకూ సన్నబరచండి. ఈ సన్నబడటం ఎక్కడ మొదలైందో వేలితో తడిమినా తెలియకూడదు. అక్కడ కోణం కాకుండా చాలా పొడుగైన ఒంపు రావాలి. కొసల మూలలను 8 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా గీయండి, లేకపోతే చీర కొంగూ చున్నీ దారాలూ ప్రతిసారీ వాటికి తగులుకుంటాయి.

ఈ ఆకారాన్ని ముందు మందపాటి అట్ట మీద గీసి, కత్తిరించి, చేతికి చుట్టి టేపుతో అంటించుకుని ఒక పూట ఉండండి. రాయండి, వంట చేయండి, కంప్యూటర్ ముందు కూర్చోండి. అట్ట ఎక్కడ గుచ్చుకుందో వెండి కూడా అక్కడే గుచ్చుకుంటుంది. ఆ తరువాత అదే నమూనాతో 1.2 లేదా 1.3 మిల్లీమీటర్ల రాగి రేకు మీద ఒక కడియం పూర్తిగా చేయండి. రాగి చవక, పనిలో దాదాపు వెండిలాగే నడుస్తుంది, మీ చేతికి ఏ మెట్టు కష్టమో ముందే తెలియజేస్తుంది. ఈ మెట్టును దాటవేయాలనిపించడం సహజమే గానీ, దయచేసి దాటవేయవద్దు.

ఏ వెండి, ఎంత మందం, ఎంత గట్టితనం

మేలిమి వెండి, అంటే 999, ఈ కడియానికి మరీ మెత్తన. తొడిగి తీసిన ప్రతిసారీ ఆకారం మారిపోతుంది. 92.5 పాళ్లు వెండి, 7.5 పాళ్లు సాధారణంగా రాగి ఉండే 925, అంటే స్టెర్లింగ్, ఇందుకు సరిపోతుంది. మీరే కరిగించి రేకు చేయించుకోదలిస్తే 80 గ్రాముల మిశ్రమానికి 74 గ్రాముల మేలిమి వెండి, 6 గ్రాముల శుద్ధమైన రాగి వేయాలి. పాత పట్టీలనూ గొలుసులనూ నేరుగా మూసలో వేసి కరిగించవద్దు. వాటి అతుకుల్లోని టాకా మొత్తం వెండిలో కలిసి, రేకు సాగదీసేటప్పుడు పగుళ్లు వస్తాయి. పైగా పాతకాలపు టాకాల్లో కొన్నిటిలో కాడ్మియం ఉంటుంది, దాని పొగ ఊపిరితిత్తులకు చాలా ప్రమాదకరం. పాత వెండిని శుద్ధి చేసేవారికి ఇచ్చి, తూకానికి మేలిమి తీసుకోవడం మేలు.

మందం 1.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక మిల్లీమీటరు రేకు ఈ వెడల్పులో చేతికి రేకులాగే అనిపిస్తుంది, 1.6 అయితే బలంగా ఉంటుంది గానీ చేత్తో వంచడం కొత్తవారికి కష్టం. ఇక్కడ చాలామంది పట్టించుకోని అసలు విషయం గట్టితనం. కాల్చి మెత్తబరచిన రేకుతో కడియం చేస్తే మొదటి నెలలోనే వంకరపోతుంది. కాబట్టి వెండి రేకు తీసే రోలింగ్ మిల్లు వారికి ఇలా చెప్పండి: రేకును 1.6 మిల్లీమీటర్ల దగ్గర చివరిసారి కాల్చి, అక్కడి నుంచి 1.3 వరకు మళ్లీ కాల్చకుండా మిల్లులో పెట్టి తీయాలి. రేకు మందాన్ని తెలిపే గేజి లెక్కలో, రేకు పలచబడిన కొద్దీ అంకె పెరుగుతుంది కాబట్టి, ఇది 14 నుంచి 16కు రావడం. ఇలా రెండు గేజీలు పలచబడిన లోహాన్ని సగం గట్టి రేకు అంటారు. అది మేలట్‌తో, అంటే కొయ్య లేదా నైలాన్ సుత్తితో, వంగేంత మెత్తగానూ, వంగిన తరువాత ఆకారం నిలుపుకునేంత గట్టిగానూ ఉంటుంది. హైదరాబాద్‌లో చార్‌కమాన్ చుట్టుపక్కల గానీ, సికింద్రాబాద్ పాట్‌మార్కెట్‌లో గానీ, మీ ఊళ్లో వెండి పనిచేసే అవుసలి దగ్గర గానీ అడిగితే రేకు తీసేవారి దారి దొరుకుతుంది.

150 × 36 మిల్లీమీటర్ల ముక్క 1.3 మందంలో దాదాపు 73 గ్రాములు తూగుతుంది. కోసి, మూలలు గుండ్రం చేసిన తరువాత కడియం సుమారు 59 గ్రాములు ఉంటుంది. పది గ్రాముల తులం లెక్కన ఆరు తులాలకు కాస్త తక్కువ. మిగిలిన ముక్కలను, రాలిన రజనును జాగ్రత్త చేస్తే మళ్లీ వెండిగానే పనికొస్తాయి. పని మొదలు పెట్టకముందే బల్ల కింద తోలు గానీ మందపాటి గుడ్డ గానీ కట్టి రజను పట్టడం కంసాలుల పాత అలవాటు, అది మీరూ పాటించండి.

రేకు అసలుదో కాదో ఇంట్లోనే స్థూలంగా పరీక్షించవచ్చు. గ్రాములో పదో వంతు చూపే తూనిక మీద నీళ్ల గ్లాసు పెట్టి, తూకాన్ని సున్నా చేసి, రేకును దారానికి కట్టి గ్లాసు అడుగునూ అంచునూ తాకకుండా నీళ్లలో పూర్తిగా ముంచండి. 925 వెండి సాంద్రత 10.36 కాబట్టి 73 గ్రాముల ముక్కకు తూనిక సుమారు 7 గ్రాములు చూపాలి. ఎనిమిది దాటితే అది వెండి కాదని అనుమానించవచ్చు. జర్మన్ సిల్వర్ పేరుతో అమ్మే లోహంలో వెండి అసలు ఉండదు, అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. ఈ పరీక్షతో 925కూ 900కూ తేడా పట్టలేము. దానికి హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్షే శరణ్యం.

పనిముట్లు

నగల రంపం, దానికి 1/0 బ్లేడ్లు ఒక డజను, కోసేటప్పుడు రేకును ఆనించడానికి బల్లకు బిగించే కొయ్యపలక, చదునైన ఆకురాయి ఒకటి ముతకది, ఒకటి సన్నది, అర్ధచంద్రాకారపు ఆకురాయి ఒకటి, ఉక్కు స్కేలు, గీత గీసే సూది, కొయ్య లేదా నైలాన్ మేలట్, నీళ్లలో వాడే ఎమరీ కాగితాలు 400, 600, 800, 1200 నంబర్లలో, ఒక మందపాటి అద్దం పలక ఉంటే చాలు. కళ్లద్దాలు, దుమ్ము ముసుగు తప్పనిసరి. ముద్ర వేయడానికి తప్ప ఇనుప సుత్తి ఈ పనిలో అవసరమే రాదు, దాన్ని బల్ల మీద నుంచి తీసేయండి. అది పడిన చోట ఏర్పడే గంటు పోగొట్టడానికి పూట పడుతుంది.

వంచడానికి దిమ్మ ఒకటి కావాలి. మణికట్టు గుండ్రం కాదు, కోలగా ఉంటుంది. మన ఉదాహరణలోని 170 మిల్లీమీటర్ల లోపలి చుట్టుకొలతకు 61 × 47 మిల్లీమీటర్ల కోల ఆకారం సరిపోతుంది. సగం గట్టి రేకు వంచిన తరువాత కొంత వెనక్కు విచ్చుకుంటుంది గనుక దిమ్మను అంతకంటే చిన్నగా, 56 × 43 కొలతలో, టేకు లేదా మరేదైనా గట్టి కొయ్యతో వడ్రంగి చేత చేయించుకోండి. బజారులో దొరికే మాండ్రెల్, అంటే ఇనుప దిమ్మ, మంచిదే గానీ, మొదటి కడియానికి కొయ్యదిమ్మే నయమని నా అభిప్రాయం. అది వెండి లోపలి ముఖాన్ని గాయపరచదు, పైగా మీ చేతి కొలతకే పుట్టిన దిమ్మ అవుతుంది.

కోత, ఆకురాయి పని

రేకు రెండు ముఖాలకూ మాస్కింగ్ టేపు అంటించి, ఒక ముఖం మీద అట్ట నమూనా పెట్టి సూదితో గీత గీయండి. రంపంలో బ్లేడును పళ్లు పిడి వైపు, కిందికి చూసేలా బిగించాలి. మీటితే గణగణలాడేంత బిగువు ఉండాలి. బ్లేడుకు తేనెమైనం రాసి, గీతకు అర మిల్లీమీటరు బయటనే ఉంటూ, నిలువుగా, నిదానంగా కోయండి. రంపాన్ని ముందుకు తోయకండి, పైకీ కిందికీ ఆడించండి. కోత దానంతటదే ముందుకు సాగుతుంది. బ్లేడ్లు తెగుతాయి, అందుకే డజను చెప్పాను.

తరువాత ఆకురాయి. అది ముందుకు తోసేటప్పుడు మాత్రమే కోస్తుంది, వెనక్కు లాగేటప్పుడు ఎత్తండి. గీత దాకా ముతక ఆకురాయితో వచ్చాక, సన్న ఆకురాయిని అంచుకు అడ్డంగా రెండు చేతులతో పట్టుకుని అంచు పొడవునా జరపండి. ఇలా అడ్డంగా పట్టిన ఆకురాయి గుంతలు తవ్వకుండా, అంచును ఒకే తీరుగా చదును చేస్తుంది. మధ్యమధ్యలో ఉక్కు స్కేలును అంచుకు ఆనించి కిటికీ వెలుతురుకు ఎత్తి చూడండి; వెలుతురు సందు కనిపించిన చోట కాదు, దాని రెండు పక్కలా ఎత్తుగా ఉన్న చోట అరగదీయాలి. స్కేలు చదునైన నడిమి భాగానికే సరిపోతుంది. ఒంపు తిరిగే చోట కళ్లు మూసుకుని బొటనవేలి కొసను అంచు వెంట నడిపించండి. కంటికి అందని ఎత్తుపల్లాలను వేలు పట్టేస్తుంది. రెండు సగాలూ ఒకటిగా ఉన్నాయో లేదో చూడటానికి రేకు ఆకారాన్ని కాగితం మీద గీసి, రేకును తిరగేసి అదే గీత మీద పెట్టండి.

ఇక చదునుగా ఉన్నప్పుడే ముఖాలను నునుపు చేయాలి, ఎందుకంటే వంచిన తరువాత అంత సమంగా చేయడం కుదరదు. టేపు తీసేసి, అద్దం పలక మీద తడిపిన 400 ఎమరీ కాగితం పరచి, రేకును దాని మీద ఒకే దిశలో రుద్దండి. గీతలన్నీ ఆ దిశలోకి వచ్చాక 600 కాగితం తీసుకుని మొదటి దిశకు అడ్డంగా రుద్దండి. పాత గీత ఒక్కటి కూడా మిగలకుండా పోయే వరకు తరువాతి నంబరుకు వెళ్లకండి. ఇదే క్రమంలో 800 దాకా రండి. తడిగా రుద్దితే దుమ్ము లేవదు, వెండి కణాలన్నీ నీళ్లలో అడుగుకు చేరి తిరిగి దొరుకుతాయి.

మీ పేరు గుర్తు గానీ 925 అంకె గానీ ముద్ర వేయదలిస్తే లోపలి ముఖం మీద, కొసకు 15 మిల్లీమీటర్ల దూరంలో, ఇప్పుడే వేయాలి. రేకును చదునైన ఉక్కు దిమ్మ మీద పెట్టి ఒకే దెబ్బతో వేయండి. బయటి ముఖాన ఉబ్బు వస్తే మళ్లీ అద్దం మీద రుద్ది పోగొట్టండి.

కాల్చి మెత్తబరచవలసి వస్తే

పైన చెప్పినట్టు సగం గట్టి రేకు దొరికితే మంట అవసరమే లేదు. మిల్లు వారు పూర్తి గట్టి రేకు ఇచ్చినా, రాగి నమూనాలో వంచి మళ్లీ చదును చేయవలసి వచ్చినా ఈ మెట్టు తెలిసి ఉండాలి. సుత్తి, మిల్లు, వంపు అన్నీ లోహపు స్ఫటికాలను నలిపి గట్టిపరుస్తాయి. వేడి వాటిని మళ్లీ కొత్తగా పేరుకునేలా చేస్తుంది. 925 వెండికి ఇది 600 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ మధ్య జరుగుతుంది. ఆ వేడిని కంటితోనే గుర్తించాలి కాబట్టి గదిలో వెలుతురు తగ్గించండి. రేకుకు వెలిగారం ముద్ద పలచగా పూసి, అగ్ని ఇటుక మీద పెట్టి, గ్యాస్ టార్చి మంటను ఒకచోట నిలపకుండా రేకంతటా తిప్పుతూ వేడి చేయండి. మసక ఎరుపు, ఇంకా చెప్పాలంటే చీకట్లో మాత్రమే కనిపించే గులాబీ ఎరుపు, రాగానే మంట తీసేయాలి. ముదురు ఎరుపు దాటి నారింజ రంగుకు పోనిస్తే ప్రమాదం: ఈ మిశ్రమం సుమారు 800 డిగ్రీలకే కరగడం మొదలు పెడుతుంది, ముందుగా అంచులు, మూలలు కూలిపోతాయి. ఎరుపు పూర్తిగా తగ్గిన తరువాత రేకును పట్టకారుతో నీళ్లలో ముంచండి.

రాగి మాడి నల్లబడిన పైపొరను తొలగించడానికి గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి అందులో వేయండి. పాత పద్ధతిలో చింతపండు, పటిక వాడేవారు, అవీ పనిచేస్తాయి. గంధకామ్లం వాడేవారు తప్పనిసరిగా నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు ఎన్నడూ పోయకూడదు. ఏ ఆమ్లమైనా అందులోకి ఇనుప పట్టకారు దించవద్దు. దించితే ద్రావణంలో కరిగి ఉన్న రాగి వచ్చి వెండి మీద ఎర్రని పూతలా పేరుకుంటుంది. రాగి లేదా కొయ్య పట్టకారు వాడి, చివరగా వంటసోడా నీళ్లతో కడగండి.

అయినా కొన్నిసార్లు రుద్దిన తరువాత ఊదా బూడిద రంగు మచ్చలు కనిపిస్తాయి. వేడిలో ప్రాణవాయువు లోపలికి చొచ్చుకుపోయి రాగిని మాడ్చడం వల్ల వచ్చేవి అవి. పైపొర కింద ఉంటాయి కాబట్టి ఆమ్లంతో పోవు, ఎమరీతో రుద్దే తీయాలి. తెల్ల కాగితం ప్రతిబింబం వెండిలో పడేలా పట్టుకుని చూస్తే ఈ మచ్చలు స్పష్టంగా తెలుస్తాయి. సాదా నగలో ఒక్క మచ్చ కూడా దాగదు కాబట్టి మంటను వీలైనంత తక్కువసార్లు వాడమని నా సలహా. ఒకటి గుర్తుంచుకోండి: కాల్చిన తరువాత రేకు మెత్తబడిపోతుంది. మీకు పూర్తి గట్టి రేకే దొరికి ఉంటే, దాన్ని కాల్చి వంచడం కంటే, కాల్చి మళ్లీ రెండు గేజీలు మిల్లులో తీయించడమే దీర్ఘకాలానికి మంచిది. అందుకు రేకు కాస్త మందంగా ఉండాలి, కాబట్టి కోయకముందే గట్టితనం చూసుకోండి.

వంచడం

ముందు కొసలు, తరువాత నడుము. ఈ వరుస తప్పకూడదు. నడుము ముందు వంచేస్తే కొసలను వంచడానికి మేలట్‌కు చోటు దొరకదు, అవి చివరిదాకా బల్లపరుపుగా మిగిలి చేతికి గుచ్చుకుంటాయి. దిమ్మను వైస్‌లో బిగించి, రేకు కొసను దిమ్మ సన్నని వైపు, అంటే ఎక్కువ ఒంపు ఉన్న చోట ఆనించి, చివరి 30 మిల్లీమీటర్లను చిన్నచిన్న దెబ్బలతో దిమ్మ ఒంపుకు తీసుకురండి. దెబ్బ దిమ్మకు ఆనిన చోట కాదు, దానికి కొంచెం ముందు, గాలిలో ఉన్న చోట పడాలి. అప్పుడే రేకు వంగుతుంది, లేదంటే నలుగుతుంది. రెండో కొస కూడా అలాగే వంచండి. తరువాత రేకు నడిమి గీతను దిమ్మ వెడల్పు ముఖం మధ్యకు తెచ్చి, రెండు అరచేతులతో కిందికి నొక్కండి. సగం గట్టి వెండి చేతి బలానికే చాలావరకు లొంగుతుంది. మిగిలింది మేలట్‌తో సరిచేయండి.

ఆకారం వచ్చాక మూడు పరీక్షలు చేయండి. అద్దం పలక మీద కడియాన్ని అంచు మీద నిలబెడితే నడిమి భాగం ఎక్కడా ఊగకుండా ఆనాలి. ఊగితే రెండు చేతులతో మెల్లగా మెలిపెట్టి సరిచేయాలి. ముందు నుంచి చూస్తే రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉండాలి. పక్క నుంచి చూస్తే ఎక్కడా బల్లపరుపు భాగం కనిపించకూడదు. సాదా నగలో ఒంపు మీద వెలుగు తెగకుండా జారాలి. బల్లపరుపు ఉన్నచోట ఆ వెలుగు అతికించిన అద్దపు ముక్కలా విడిపోతుంది.

అంచు

కడియం మంచిదో కాదో అంచు చెబుతుంది. 1.3 మిల్లీమీటర్ల మందం చాలా తక్కువే అయినా, చూసేవారికి ఆ నగ బరువుగా అనిపించాలా పలచగా అనిపించాలా అన్నది అక్కడే తేలుతుంది. చాలామంది నాలుగు అంచులనూ గుండ్రంగా రుద్ది వదిలేస్తారు. దానివల్ల కడియం సబ్బు అరిగినట్టు మెత్తగా, యంత్రంలో అచ్చు పోసినట్టు కనబడుతుంది. నా పద్ధతి వేరు: చర్మానికి తగిలే లోపలి అంచును బాగా గుండ్రం చేయండి, కనిపించే బయటి అంచును మాత్రం చదునుగా నిలబెట్టండి.

లోపలి అంచుకు అర్ధచంద్రాకారపు సన్న ఆకురాయితో ముందు 45 డిగ్రీల వాలు, దాదాపు అర మిల్లీమీటరు వెడల్పున, అంతటా ఒకే తీరుగా తీయండి. తరువాత ఆ వాలుకు రెండు వైపులా ఏర్పడిన రెండు కొత్త మూలలను కొట్టేయండి. చివరకు చిన్న కొయ్యపలకకు చుట్టిన 600 కాగితంతో ఊగిస్తూ రుద్దితే ఒంపు నిండుగా వస్తుంది. చేతికి తొడిగి అటూ ఇటూ తిప్పి చూడండి. ఎక్కడా గీసుకున్నట్టు అనిపించకూడదు. బయటి అంచుకు 800 కాగితాన్ని గట్టి కొయ్యపలకకు బిగించి ఒక్కసారి మాత్రమే, 45 డిగ్రీల కోణంలో జరపండి. వెంట్రుక మందాన ఏర్పడే ఆ వాలు మీద వెలుగు సన్నని గీతగా మెరుస్తుంది. కడియమంతటా ఆ గీత ఒకే మందంలో నడిస్తే మీ పని గెలిచినట్టే. ఈ దశలో బఫింగ్ మోటారుకు పెట్టవద్దు. తిరిగే గుడ్డచక్రం కష్టపడి నిలబెట్టిన అంచును క్షణాల్లో కరిగిస్తుంది. కాగితం ఎప్పుడూ గట్టి కొయ్య మీదే ఉండాలి, వట్టి వేళ్లతో పట్టుకుంటే అంచు అలలు తిరుగుతుంది.

మెరుగు

అద్దంలా మెరవాలా, మంచు పట్టినట్టు మసకగా ఉండాలా అన్నది మీ ఇష్టం. నేను బయటి ముఖానికి మసక మెరుగు, లోపలి ముఖానికీ బయటి సన్నని వాలుకూ అద్దపు మెరుగు కోరుకుంటాను. వెండి కనిపించే వెలుగును ప్రతిఫలించడంలో లోహాలన్నిటిలో మొదటిది. అందువల్ల ఇంత వెడల్పు ముఖం అద్దంలా మెరిస్తే చుట్టూ ఉన్నవన్నీ అందులో కనబడి కడియం ఆకారమే మరుగున పడుతుంది. పైగా రోజూ వాడేటప్పుడు పడే సన్న గీతలు అద్దపు మెరుగు మీద మచ్చల్లా కనబడతాయి, మసక మెరుగులో కలిసిపోతాయి.

మసక మెరుగుకు కొత్త బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ ముక్కను గట్టి కొయ్యకు చుట్టి, ఒక కొస నుంచి మరో కొస దాకా ఆగకుండా, ఒకే దిశలో లాగండి. మధ్యలో ఆగితే ఆగిన చోటు తెలుస్తుంది. చివరగా ఇత్తడి తీగల బ్రష్షును కుంకుడుకాయ రసంలో ముంచి మెల్లగా రుద్దితే మసకదనం పట్టులా మెత్తబడుతుంది. పొడి బ్రష్షుతో రుద్దితే ఇత్తడి అంటి వెండి పసుపు తిరుగుతుంది, అందుకే రసం గానీ సబ్బునీళ్లు గానీ ధారాళంగా ఉండాలి. లోపలి ముఖానికి 1200 కాగితం తరువాత చిన్న గుడ్డకు వెండి పాలిష్ రాసి చేత్తోనే రుద్దండి. మోటారు వాడక తప్పదనుకుంటే వదులు చేతుల చొక్కా, చేతి తొడుగులు, విప్పిన జుట్టు ఉండకూడదు. చక్రం వాటిని లాక్కుపోతుంది.

ముద్ర, తొడుక్కోవడం, సంరక్షణ

అమ్మే ఉద్దేశం ఉంటే ముద్ర గురించి తెలుసుకోండి. మన దేశంలో వెండి స్వచ్ఛత ప్రమాణం ఐఎస్ 2112. దాని ప్రకారం భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తింపు పొందిన కేంద్రాల్లో హాల్‌మార్క్ వేస్తారు. మీరు వేసుకున్న 925 అంకె మీ మాట మాత్రమే, హాల్‌మార్క్ కాదు. బ్రిటన్‌లో ఉంటూ నగలు చేసి అమ్మే తెలుగువారికి నియమం కఠినంగా ఉంటుంది: అక్కడ 7.78 గ్రాములు దాటిన వస్తువును వెండి అని చెప్పి అమ్మాలంటే లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరో కార్యాలయాల్లో ఏదో ఒకచోట ముద్ర వేయించాలి. ఈ కడియం ఆ పరిమితికి చాలా పైనే ఉంటుంది.

తొడుక్కునే పద్ధతి తెలియకపోతే మంచి కడియం కూడా విరుగుతుంది. మణికట్టు లోపలి మెత్తని వైపు నుంచి, చేతి సన్నని పక్కను ముందు కడియం ఖాళీలోకి దూర్చి, కడియాన్ని చేతి చుట్టూ తిప్పి ఎక్కించాలి. రెండు కొసలనూ విడదీసి తొడిగి, మళ్లీ నొక్కి మూయడం రోజూ చేస్తే నడిమి భాగం గట్టిపడుతూ పోయి ఒకనాడు సన్నని పగులు వస్తుంది. ఎవరికైనా చేసి ఇస్తే ఈ మాట తప్పక చెప్పండి, తొడిగి చూపించండి.

వెండి నల్లబడేది గాలిలోని గంధక వాయువుల వల్ల. పైన ఏర్పడేది సిల్వర్ సల్ఫైడ్ పొర. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు, కోడిగుడ్డు సొన, తేమ దాన్ని తొందరపెడతాయి, కాబట్టి కడియాన్ని శుభ్రంగా తుడిచి గాలి చొరని చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉంచండి. నల్లబడితే పింగాణీ గిన్నెలో అల్యూమినియం రేకు పరచి, దాని మీద కడియం పెట్టి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పోయండి. గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు వెళ్లడంతో నలుపు కొన్ని నిమిషాల్లో తగ్గుతుంది, వెండి అరగదు. రాళ్లు లేని, టాకా లేని నగ కాబట్టి ఈ పద్ధతి దీనికి నిర్భయంగా వాడవచ్చు. మసక మెరుగు ఏడాది రెండేళ్లకు అక్కడక్కడా అరిగి మెరుస్తుంటే, మొదట వాడిన రకం స్కాచ్‌బ్రైట్‌నే కొయ్యకు చుట్టి, మొదట లాగిన దిశలోనే నాలుగైదుసార్లు లాగండి. వాలు అంచులకు మాత్రం అది తగలనివ్వకండి. వాటి మీద ముందుగా సన్నని మాస్కింగ్ టేపు అంటించండి.